వేళకు కాదు, వీలుకు: ధారావాహికలను కంప్యూటరే తెచ్చిపెట్టిన కథ

దక్షిణ అండమాన్ దీవిలో, పోర్ట్ బ్లెయిర్ నగరం పొలిమేరన ప్రోతరాపూర్ అనే ఊరు ఉంది. (పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురంగా మార్చారు. ఈ వ్యాసంలో మనం చెప్పుకునేది ఎక్కువగా పాత రోజుల సంగతులు కనుక పాత పేరే వాడుకుందాం.) ఇక్కడి నుంచి విశాఖపట్నం సముద్రమార్గాన సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండు రోజులకు పైగా ప్రయాణం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి దాదాపు 13 మంది. వీరిలో చాలామంది ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన కుటుంబాలవారు.

ఈ దీవుల్లో గడియారానికీ సూర్యుడికీ పొంతన కుదరదు. భారత ప్రామాణిక కాలాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్కిస్తారు. పోర్ట్ బ్లెయిర్ సుమారు 92.7 డిగ్రీల వద్ద ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కవేస్తే ఇక్కడి సూర్యుడు గడియారం కంటే దాదాపు 41 నిమిషాలు ముందు నడుస్తాడు. హైదరాబాదులోని టెలివిజన్ సంస్థ రాత్రి ఎనిమిదిన్నరకు ప్రసారం చేసే ధారావాహిక, ఇక్కడి సూర్యుడి లెక్కలో తొమ్మిది దాటాక వచ్చినట్లు. తెల్లవారక ముందే చేపల వేటకో, ఓడరేవు పనికో వెళ్లే మనిషికి అది నిద్రవేళ.

కార్యక్రమం వచ్చే వేళకు మనం ఉండాలా, లేక మనకు వీలైన వేళకు కార్యక్రమం రావాలా? చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఇంజనీర్లు దాదాపు యాభై ఏళ్లు శ్రమించారు. చివరకు 2003–05 మధ్య ఇళ్లలోని మామూలు కంప్యూటర్లు, యజమాని నిద్రపోతుండగా, తమంతట తామే ధారావాహికల కొత్త భాగాలను వెతికి తెచ్చి దాచిపెట్టే స్థితికి చేరాయి. ఆ దారిలోని మజిలీలను వరుసగా చూద్దాం.

మొదటి మజిలీ: మూడు గంటల తేడా

టెలివిజన్ తొలి దశలో ప్రసారం అంటే ప్రత్యక్ష ప్రసారమే. స్టూడియోలో నటులు నటిస్తున్న క్షణంలోనే ఇంట్లో తెరపై బొమ్మ కనిపించేది. అమెరికాలో దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. తూర్పు తీరానికీ పడమటి తీరానికీ మధ్య మూడు గంటల తేడా ఉంది. న్యూయార్క్‌లో సాయంత్రం ఆరున్నరకు వార్తలు చదివితే లాస్ ఏంజెలెస్‌లో అప్పటికి మధ్యాహ్నం మూడున్నరే. అందుకని తెరమీది బొమ్మను సినిమా ఫిల్మ్‌పై చిత్రించి, హడావుడిగా కడిగి, మూడు గంటల తర్వాత మళ్లీ ప్రసారం చేసేవారు. బొమ్మ మసకగా ఉండేది, ఖర్చు ఎక్కువయ్యేది.

1956 ఏప్రిల్‌లో ఆంపెక్స్ సంస్థ అయస్కాంత టేపుపై బొమ్మను నమోదు చేసే యంత్రాన్ని ప్రదర్శించింది. అదే ఏడాది నవంబరు 30న సీబీఎస్ సంస్థ న్యూయార్క్ వార్తలను టేపుపై పట్టి, పడమటి తీరంలో ఆలస్యంగా ప్రసారం చేసింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. వీడియో టేపు మొదట చేసిన పని వినోదాన్ని దాచడం కాదు, గడియారాల మధ్య తేడాను పూడ్చడం. అయితే ఆ సౌకర్యం అప్పటికి ప్రసార సంస్థ చేతిలోనే ఉంది. ప్రేక్షకుడి చేతికి రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది.

రెండవ మజిలీ: గడియారం ఉన్న క్యాసెట్ పెట్టె

1975లో సోనీ సంస్థ బీటామాక్స్‌ను, 1976లో జేవీసీ సంస్థ వీహెచ్ఎస్‌ను జపాన్ విపణిలోకి తెచ్చాయి. ఈ వీడియో రికార్డర్లకు గడియారం తోడైంది. ‘ఫలానా రోజు, ఫలానా చానెల్, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు’ అని ముందుగా అమర్చి పెడితే, ఇంట్లో ఎవరూ లేకపోయినా యంత్రం దానంతట అదే కార్యక్రమాన్ని నమోదు చేసేది. ఇళ్లలో స్వయంచాలిత నమోదుకు ఇది ఒక తొలినాటి రూపం.

కాని ఆ అమరిక సామాన్యులకు కొరుకుడు పడలేదు. చిన్న చిన్న మీటలు చాలాసార్లు నొక్కాలి. కరెంటు పోయి వస్తే గడియారం మళ్లీ పన్నెండు దగ్గర మిణుకుమిణుకుమంటూ నిలిచేది. దీనికి 1990లో జెమ్‌స్టార్ సంస్థ ఒక తెలివైన ఉపాయం కనిపెట్టింది. తేదీ, చానెల్, ప్రారంభ సమయం, నిడివి అనే నాలుగు వివరాలను గణిత సూత్రంతో ఒకే చిన్న అంకెగా మార్చి, పత్రికల్లోని టీవీ కార్యక్రమాల పట్టికలో ప్రతి కార్యక్రమం పక్కనా ముద్రించారు. ప్రేక్షకుడు ఆ అంకెను నొక్కితే చాలు, మిగిలినది యంత్రమే విప్పి అర్థం చేసుకునేది.

ఈ రెండు పద్ధతుల్లోనూ ఉన్న లోపం ఒక్కటే. యంత్రానికి తెలిసింది సమయం మాత్రమే, కార్యక్రమం కాదు. క్రికెట్ ఆట పొడిగించి ధారావాహిక అరగంట ఆలస్యమైతే, క్యాసెట్‌లో ఆటే మిగిలేది. 1999లో అమెరికాలో వచ్చిన టివో అనే పెట్టె ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. అది టేపుకు బదులు హార్డ్ డిస్క్ వాడింది. టెలిఫోన్ తీగ ద్వారా కార్యక్రమాల పట్టికను తెచ్చుకునేది. ‘ఈ ధారావాహిక అన్ని భాగాలూ కావాలి’ అని ఒకసారి చెబితే, వేళ మారినా వెతికి పట్టుకునేది. సమయానికి బదులు పేరు చెప్పడం అనే ఈ మార్పు చాలా ముఖ్యమైనది.

మూడవ మజిలీ: ఆకాశం నుంచి తెలుగు

ఇక మన దేశం సంగతి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఇస్రో, నాసా కలిసి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ‘సైట్’ అనే ప్రయోగం నిర్వహించాయి. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు నేరుగా ఉపగ్రహం నుంచి టెలివిజన్ అందింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. అంటే కొన్ని తెలుగు పల్లెలు రాజధాని కంటే ముందే టెలివిజన్ చూశాయన్నమాట.

1983 ఆగస్టు 30న ప్రయోగించిన ఇన్‌శాట్-1బీ ఉపగ్రహంతో దేశమంతటా దూరదర్శన్ ప్రసార కేంద్రాలు విస్తరించాయి. 1987 జనవరి నుంచి 1988 జూలై వరకు ఆదివారం ఉదయాన ‘రామాయణ్’ వస్తున్నప్పుడు వీధులు ఖాళీ అయ్యేవని పెద్దలు చెప్పగా మీరు వినే ఉంటారు. దేశమంతా ఒకే వేళకు తలవంచిన రోజులవి. 1995లో జెమినీ, ఈటీవీ వంటి తెలుగు ఉపగ్రహ చానెళ్లు రావడంతో తెలుగువారు ఎక్కడ ఉన్నా తెలుగు వినే అవకాశం కలిగింది.

అయితే ఆకాశం కూడా అందరికీ సమానం కాదు. ఉపగ్రహం పంపే సంకేతం నేలపై ఒక పరిమితమైన ప్రాంతంలోనే బలంగా పడుతుంది. ఆ ప్రాంతాన్ని దాని ‘పాదముద్ర’ అంటారు. 2004 డిసెంబరులో దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ సేవ మొదలైనప్పుడు అది వాడిన కేయూ బ్యాండ్ పుంజం ప్రధాన భూభాగానికి గురిపెట్టినది. అండమాన్ నికోబార్ దీవులకు అది అందలేదు. ఈ దీవుల కోసం ప్రత్యేకంగా సి బ్యాండ్‌లో పది చానెళ్ల సేవను 2009లో ఏర్పాటు చేయవలసి వచ్చింది. సి బ్యాండ్ తరంగాల పొడవు ఎక్కువ కనుక వాటిని అందుకోవడానికి పెద్ద పళ్లెం కావాలి.

నాల్గవ మజిలీ: ఇరుకు దారి లెక్క

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చింది. మరి టెలివిజన్ భాగాన్ని ఆ తీగలోంచి రప్పించవచ్చా? ఒక చిన్న లెక్క వేద్దాం.

2000 ప్రాంతంలో ముప్పావుగంట ధారావాహిక భాగాన్ని కుదించి 350 మెగాబైట్లకు తేవడం పరిపాటి. 700 మెగాబైట్ల సీడీలో సరిగ్గా రెండు భాగాలు పట్టేవి, అదే ఆ అంకె వెనుక రహస్యం. ఒక బైట్‌కు 8 బిట్లు కనుక 350 మెగాబైట్లు అంటే 28 లక్షల కిలోబిట్లు. టెలిఫోన్ మోడెమ్ వేగం ఎంత గొప్పగా ఉన్నా సెకనుకు 56 కిలోబిట్లు. భాగించి చూస్తే 50,000 సెకన్లు, అంటే దాదాపు 14 గంటలు! 2004లో మన ప్రభుత్వం ‘బ్రాడ్‌బ్యాండ్’ అని నిర్వచించిన కనీస వేగం 256 కిలోబిట్లు. ఆ వేగానికైనా మూడు గంటలు పడుతుంది.

అండమాన్ దీవుల్లో పరిస్థితి ఇంకా కఠినం. 2020 వరకు ఈ దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం మీదుగానే నడిచింది. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికి దాదాపు 72,000 కిలోమీటర్లు, కాంతి వేగంతో పావు సెకను. ప్రశ్న వెళ్లి జవాబు రావాలంటే అర సెకను. ఇది చాలా తక్కువ కాలమే కదా అనిపించవచ్చు. కాని ఇంటర్నెట్‌లో సమాచారం పంపే యంత్రం కొంత పంపి, ‘అందింది’ అనే కబురు కోసం ఆగుతుంది. పాత కంప్యూటర్లలో ఇలా ఒక విడతలో పంపే గరిష్ఠ పరిమాణం 64 కిలోబైట్లు. అర సెకనుకు ఒక విడత చొప్పున లెక్క వేస్తే, దారి ఎంత వెడల్పుగా ఉన్నా ఒక్కో అనుసంధానంలో సెకనుకు ఒక మెగాబిట్‌కు మించి రాదు. ఆ దారిని దీవుల్లోని కార్యాలయాలు, బ్యాంకులు, ఆసుపత్రులు, ఇళ్లు అన్నీ పంచుకోవాలి కూడా.

ఇటువంటి ఇరుకు దారిలో తోచే సహజమైన ఉపాయం, జనం నిద్రపోయే వేళ పని కానివ్వడం. అందుకు కావలసిన పనిముట్లు కంప్యూటర్ రంగంలో అప్పటికే ఉన్నాయి. యూనిక్స్ వ్యవస్థలో ‘క్రాన్’ అనే చిన్న ప్రోగ్రాం నిర్ణీత వేళకు నిర్ణీత పనిని మొదలుపెడుతుంది. 1996లో వచ్చిన ‘డబ్ల్యూగెట్’ అనే ఉచిత ప్రోగ్రాం, మనిషి దగ్గర లేకుండానే ఫైళ్లను దించుకుంటుంది. మధ్యలో తీగ తెగితే మళ్లీ మొదటి నుంచి కాక, ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. ‘ఈ ఫైలులో ఫలానా బైట్ నుంచి చివరి వరకు ఇవ్వు’ అని అడిగే వీలును 1997 నాటి వెబ్ ప్రమాణం కల్పించింది. పద్నాలుగు గంటల పనిలో పదమూడో గంటలో కరెంటు పోతే కలిగే బాధను ఒక్కసారి ఊహించుకుంటే, ఈ సదుపాయం విలువ మీకే తెలుస్తుంది.

ఐదవ మజిలీ: పత్రిక వేయించుకున్నట్లు

ఇంతవరకు యంత్రానికి ఫైలు చిరునామా మనిషే చెప్పాలి. కొత్త భాగం వచ్చిందో లేదో రోజూ వెళ్లి చూడాలి. ఈ కాపలా పనిని తప్పించింది ఆర్‌ఎస్‌ఎస్ అనే ఏర్పాటు. 1999లో నెట్‌స్కేప్ సంస్థలో ఇది పుట్టింది. వెబ్ సైటు తన కొత్త అంశాల శీర్షికలను, చిరునామాలను ఒక జాబితాగా, యంత్రం చదవగలిగే రూపంలో ఉంచుతుంది. మన కంప్యూటర్‌లోని ప్రోగ్రాం అప్పుడప్పుడు ఆ జాబితాను చదివి కొత్తవి ఉంటే చెబుతుంది. చందా కట్టిన పత్రిక గుమ్మంలో పడినట్లన్నమాట.

2000 డిసెంబరులో డేవ్ వైనర్ అనే ప్రోగ్రామర్ ఈ జాబితాలో ‘జతపరచిన ఫైలు’ అనే కొత్త గడిని చేర్చాడు. దాని వెనుక టెలివిజన్ వ్యాఖ్యాత ఆడమ్ కర్రీ చెప్పిన ఒక ఆలోచన ఉంది. పెద్ద ఫైలు కోసం మీట నొక్కి కూర్చోవడమే విసుగు. యంత్రం రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు దించి పెడితే, ఉదయం మీట నొక్కగానే బొమ్మ వెంటనే వస్తుంది. తీగ వేగం పెరగలేదు, కాని నిరీక్షణ మాయమైంది! ఈ గడి నుంచే తర్వాత 2004లో పాడ్‌కాస్ట్ పుట్టింది.

ఆరవ మజిలీ: బంతి భోజనం సూత్రం

ఇక మరో చిక్కు మిగిలింది. టెలివిజన్ ప్రసారానికీ ఇంటర్నెట్‌కూ స్వభావంలోనే తేడా ఉంది. ప్రసార కేంద్రం ఒక్కసారి పంపితే లక్ష మంది చూసినా, పది లక్షల మంది చూసినా దానికి అదనపు భారం లేదు. కాని అందరూ ఒకే వేళకు చూడాలి. ఇంటర్నెట్‌లో ఎవరి వేళకు వారు తెచ్చుకోవచ్చు. కాని లక్ష మంది అడిగితే సర్వర్ లక్షసార్లు పంపాలి. ఒకే వంటవాడు లక్ష విస్తళ్లకు తానే వడ్డించినట్లు.

2001 జూలైలో బ్రామ్ కోయెన్ విడుదల చేసిన బిట్‌టోరెంట్ ఈ చిక్కును విప్పింది. ఇందులో ఫైలును చిన్న చిన్న ముక్కలుగా భావిస్తారు. ఒక ముక్క అందిన ప్రతి కంప్యూటరూ ఆ ముక్కను తక్కినవారికి వడ్డిస్తుంది. బంతిలో కూర్చున్నవారే గిన్నెలు చేతులు మార్చుకుంటున్నట్లు. ప్రతి ముక్కకూ ఒక గణిత ముద్ర ఉంటుంది కనుక, దారిలో చెడిన ముక్కను యంత్రం పసిగట్టి మళ్లీ తెప్పిస్తుంది. అరుదైన ముక్కలను ముందుగా తెచ్చుకోవడం, తనకు ఇచ్చేవారికే ఎక్కువ ఇవ్వడం అనేవి ఇందులోని రెండు ముఖ్య నియమాలు.

ఉపగ్రహ తీగ మీద ఆధారపడినవారికి దీనివల్ల ఒక మేలు, ఒక కీడు. అనేకమందితో ఏకకాలంలో అనుసంధానం ఉంటుంది కనుక, ఒక్కో అనుసంధానానికి ఉండే మెగాబిట్ హద్దు అంతగా అడ్డుకాదు. కాని పైకి పంపే దారి మరీ ఇరుకైతే, ఇవ్వలేనివాడికి రాదు అనే నియమం వల్ల వచ్చేదీ తగ్గుతుంది.

ఏడవ మజిలీ: రెండూ కలిసిన వేళ

2003 డిసెంబరులో స్కాట్ రేమండ్ అనే వెబ్ రూపకర్త ఒక చిన్న వ్యాసంలో ఈ రెంటినీ కలపాలని సూచించాడు. ఆర్‌ఎస్‌ఎస్ కొత్త భాగం వచ్చిందని చెబుతుంది, బిట్‌టోరెంట్ దాన్ని తెస్తుంది. ప్రసారానికి ఎదురుగా వల పన్ని పట్టుకోవడం వంటిది కనుక దీన్ని ఆంగ్లంలో ‘బ్రాడ్‌క్యాచింగ్’ అన్నారు. ఏడాది తిరిగేసరికి విడియోరా వంటి ప్రోగ్రాములు వెలువడ్డాయి. ఆ తర్వాత అజూరియస్, మ్యూటోరెంట్ వంటి ప్రసిద్ధ ప్రోగ్రాముల్లోనూ ఈ సౌకర్యం చేరింది.

వీటిని అమర్చడం ఒక మంచి తర్కాభ్యాసం. మనకు కావలసినదాన్ని, ఊహాశక్తి లేని యంత్రానికి అర్థమయ్యేలా చెప్పాలి. ముందుగా ఏ జాబితాను చదవాలో, ఎంతసేపటికి ఒకసారి చదవాలో చెప్పాలి. నిమిషానికోసారి చదివితే అవతలి సర్వర్‌కు భారం, మర్యాద కూడా కాదు. తర్వాత పేరు వడపోత. ఇక్కడే చాలామంది పొరబడేవారు. ఉదాహరణకు జెమినీ టీవీలో 2001 నుంచి 2007 వరకు వచ్చిన ‘అమృతం’ హాస్య ధారావాహిక మీకు తెలిసే ఉంటుంది. ‘పేరులో అమృతం అనే మాట ఉన్నదల్లా’ అని వడపోత పెడితే, 2020లో వచ్చిన ‘అమృతం ద్వితీయం’ కూడా వలలో పడుతుంది. కనుక ‘ఈ మాట ఉండాలి’ అనే నియమంతోపాటు ‘ఈ మాట ఉండకూడదు’ అనే నియమమూ కావాలి.

ఆపైన భాగం సంఖ్య. శీర్షికలో ‘ఎస్ 01 ఇ 05’ అని ఉంటే మొదటి విడత, ఐదవ భాగం అని యంత్రం గుర్తిస్తుంది. అందిన సంఖ్యలను ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టా లేకపోతే, ఒకే భాగాన్ని నలుగురు నాలుగు పేర్లతో పెట్టినప్పుడు నాలుగుసార్లూ దించి, ఉన్న కాస్త దారినీ నింపేస్తుంది. పరిమాణానికి కింది హద్దు పెడితే మూడు నిమిషాల ప్రకటన చిత్రాలు రావు, పై హద్దు పెడితే డిస్క్ నిండిపోదు. చివరగా, రాత్రి ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఎంత వేగంతో పని చేయాలో చెప్పాలి.

జాగ్రత్తగా చూస్తే ఇందులో పాత మజిలీలన్నీ కనిపిస్తాయి. క్యాసెట్ పెట్టెలోని గడియారం, టివో నేర్పిన పేరు, క్రాన్ నేర్పిన రాత్రి పని, అన్నీ ఒక కంప్యూటర్ తెరమీదికి చేరాయి.

ఎవరి సొత్తు?

ఈ కథలో సాంకేతికం కాని ప్రశ్న ఒకటుంది. ఇంట్లో క్యాసెట్‌పై నమోదు చేసుకోవడం నేరమా? 1984 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు, సొంతంగా తీరికవేళ చూసుకోవడానికి కార్యక్రమాన్ని నమోదు చేసుకోవడం న్యాయమైన వాడకమేనని 5–4 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. బీటామాక్స్ తయారీదారును తప్పు పట్టలేదు. కాని బిట్‌టోరెంట్‌లో దించుకునేవాడు అదే సమయంలో ఇతరులకు పంచుతున్నాడు. అది దాచుకోవడం కాదు, ప్రచురణ. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం, హక్కుదారు అనుమతి లేకుండా తెలిసి ఇలా చేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పనిముట్టు తప్పు కాదు, దానిలోంచి ఏమి నడిపించామన్నదే ప్రశ్న.

పనిముట్టు తప్పు కాదనడానికి నిదర్శనం, కొన్ని ప్రసార సంస్థలే దాన్ని చేపట్టడం. 2008లో నార్వే ప్రజా ప్రసార సంస్థ, కెనడా ప్రజా ప్రసార సంస్థ తమ కార్యక్రమాలను తామే బిట్‌టోరెంట్ ద్వారా జనానికి అందించాయి. అంతకుముందే 2005 అక్టోబరులో ఆపిల్ సంస్థ తన దుకాణంలో ధారావాహిక భాగాలను డబ్బుకు అమ్మడం మొదలుపెట్టింది.

నాణేనికి రెండో వైపు కూడా ఉంది. 1960ల నాటి ‘డాక్టర్ హూ’ ధారావాహిక భాగాలు అనేకం బీబీసీ వద్దే లేవు, టేపులను తిరిగి వాడుకోవడానికి చెరిపేశారు. అప్పట్లో కొందరు ప్రేక్షకులు ఇంట్లో టేప్ రికార్డర్ పెట్టి ధ్వనిని నమోదు చేసుకోబట్టి, ఆ భాగాల శబ్దమైనా ఈనాడు మిగిలింది. హక్కుదారు పోగొట్టుకున్నదాన్ని ప్రేక్షకుడు కాపాడిన సందర్భం అది. రచయితకు, నటుడికి దక్కవలసిన కూలి దక్కాలి, జనం జ్ఞాపకమూ నిలవాలి. ఈ రెంటినీ కలిపే చట్టం రాయడం, రెండు ప్రోగ్రాములను కలిపినంత సులభం కాలేదు.

సముద్రం అడుగున కొత్త దారి

మళ్లీ ప్రోతరాపూర్‌కు వద్దాం. 2020 ఆగస్టు 10న చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవైన ఈ కాంతితంతువుల తీగ చెన్నైని పోర్ట్ బ్లెయిర్‌తోనూ, స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ వంటి ఇతర దీవులతోనూ కలుపుతుంది. చెన్నై–పోర్ట్ బ్లెయిర్ మధ్య దీని సామర్థ్యం సెకనుకు 200 గిగాబిట్ల చొప్పున రెండు జతలు. మనం ముందు వేసిన లెక్కనే మళ్లీ వేద్దాం. ఒక జత మొత్తాన్ని ఒకే భాగానికి కేటాయిస్తే, మోడెమ్ మీద 14 గంటలు పట్టిన 350 మెగాబైట్లు సెకనులో సుమారు 70వ వంతు కాలంలో దాటిపోతాయి!

దారి ఇంత వెడల్పయ్యాక దాచుకోవలసిన అవసరమేముంది, అడిగినప్పుడే చూడవచ్చు కదా అని మీరు అడగవచ్చు. చాలామంది చేస్తున్నదీ అదే. రాత్రంతా పనిచేసే కంప్యూటర్ స్థానాన్ని చేతిలోని ఫోన్ తీసుకుంది. అయినా పాత సూత్రం చావలేదు. 2018లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ప్రవేశపెట్టిన ఒక సౌకర్యం, చూసిన భాగాన్ని చెరిపి తర్వాతి భాగాన్ని వైఫై దొరికినప్పుడు దానంతట అదే దించి పెడుతుంది. ఓడలో రెండు రోజులు ప్రయాణించేవాడికి నడిసముద్రంలో కేబుల్ అందదు, దించి పెట్టుకున్నదే తోడు. ఒకసారి తెచ్చి అందరికీ పంచడమనే బంతి భోజనం సూత్రం కూడా మరో రూపంలో బతికే ఉంది. పెద్ద వీడియో సంస్థలు జనం ఎక్కువగా చూసే చిత్రాల ప్రతులను వారికి దగ్గరలోని సర్వర్లలో ముందుగానే నింపి పెడతాయి.

ఇక్కడ మరచిపోకూడని సంఘటన మరొకటుంది. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ నికోబార్ దీవులను ముంచెత్తినప్పుడు మామూలు సమాచార మార్గాలు దెబ్బతిన్నాయి. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ బృందం ఆ నెలలో హామ్ రేడియో కార్యక్రమం కోసం పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఉంది. వారు తమ రేడియోల ద్వారా క్షేమ సమాచారాలను ప్రధాన భూభాగానికి అందించారు. ధారావాహిక ఒక రాత్రి ఆలస్యమైతే పెద్ద నష్టం లేదు. కాని దీవికి దారి ఒక్కటే ఉంటే, అది తెగిన రోజున పోయేది వినోదం ఒక్కటే కాదు. అందుకే కేబుల్ వచ్చినా ఉపగ్రహం అవసరం తీరిపోలేదు.

1956లో న్యూయార్క్ వార్తలను టేపుపై పట్టిన ఇంజనీరూ, 2005లో రాత్రి పడుకోబోయే ముందు కంప్యూటర్‌కు వడపోతలు అమర్చిన విద్యార్థీ ఒకే పని చేశారు. దూరం వల్లనో, గడియారం వల్లనో తమకు అందనిదాన్ని ఓపికగల యంత్రానికి అప్పగించారు. దారులు వెడల్పైన ఈ రోజుల్లో ఆ ఓపిక అక్కరలేదనిపించవచ్చు. అయితే ప్రత్యక్షంగా చూసేది పంపేవాడి దయ మీద ఉంటుంది. జాబితాలోంచి రేపు దాన్ని తీసేస్తే మన దగ్గర ఏమీ మిగలదు. న్యాయమార్గాన ఒక ప్రతిని దగ్గర ఉంచుకున్నవాడికి ఆ భయం లేదు. వాన రాకముందే పిడకలు ఇంట్లో చేర్చుకునే మన పల్లెటూరి ఇల్లాలికి ఈ సూత్రం ఎప్పుడో తెలుసు.